రెజిన్ ఎంత గట్టిపడింది: కేబీఆర్ బిళ్లా, ఏటీఆరా?

పంటి గుంతలో నింపే రెజిన్‌కి లైటు వేస్తే గట్టిపడుతుంది కానీ, లోపలి కార్బన్ జంట బంధాలన్నీ తెగవు. సాధారణ కాంపోజిట్లలో తెగేవి సుమారు 50–75 శాతమే. పరారుణ కిరణాలతో బంధాలను గుర్తించే ఎఫ్‌టీఐఆర్ పరీక్షలో, 1638 సెం.మీ⁻¹ దగ్గరి ఆ జంట బంధాల శిఖరం తగ్గుతుంది, బెంజీన్ వలయానిది 1608 దగ్గర అలాగే నిలుస్తుంది. లైటుకి ముందూ తర్వాతా వాటి నిష్పత్తి చూస్తే లెక్క తేలుతుంది.

శాంపిల్ ఎలా పెట్టాలన్నదే చిక్కు. గట్టిపడ్డ రెజిన్‌ని పొడిచేసి, పొటాషియం బ్రోమైడ్ (కేబీఆర్) ఉప్పుతో నూరి బిళ్ల నొక్కితే మొత్తం ముక్క సగటు వస్తుంది. ఖర్చూ తక్కువే. కానీ విజయవాడ వానాకాలంలో ఆ ఉప్పు తేమను ఇట్టే పీల్చుకుంటుంది, బిళ్ల మసకబారుతుంది. పైగా నీటి శిఖరం కూడా సరిగ్గా 1640 చుట్టూనే! మనం కొలవాల్సినదాని నెత్తిన కూర్చుంటుంది. ఓవెన్‌లో ఆరబెట్టి తేమ చేరని డబ్బా డెసికేటర్‌లో దాచినా, నూరేటప్పుడు గాలి తగలక మానదు.

ఏటీఆర్ అంటే శాంపిల్‌ని స్ఫటికానికి ఆనించి, ఆ స్ఫటికం లోపల పరావర్తనమయ్యే పరారుణ కిరణంతో చూసే పద్ధతి; ఇందులో నూరే పనే లేదు. పేస్టును స్ఫటికం మీదే పరిచి పైనుంచి లైటు వేయొచ్చు. కిరణం చూసేది స్ఫటికానికి అంటుకున్న ఒకటి రెండు మైక్రాన్లే. నా దృష్టిలో అదే దాని బలం: 2 మి.మీ. పొర అడుగుదాకా లైటు చేరిందా అన్నది నేరుగా తెలుస్తుంది. డాక్టరుకు కావలసిందీ అదే. గట్టిపడ్డాక తెచ్చిన ముక్కైతే చదునుగా ఉండాలి, లేకపోతే సిగ్నల్ రాదు.

మన ఊళ్లో థీసిస్ చేసేవాళ్లకు ఏటీఆరే చెబుతాను. యూడీఎంఏ (యురేథేన్ డైమెథాక్రిలేట్) అనే మూలపదార్థం ఒక్కటే ఉన్న రెజిన్‌లో బెంజీన్ వలయం ఉండదు, అక్కడ 1608ని నమ్ముకోకండి.