బ్యాక్‌డోర్ జాబ్‌కి డబ్బు కట్టేముందు ఒక్కసారి చూసుకోండి

ఫైనల్ ఇయర్ పరీక్షలు అయ్యీ అవగానే అమీర్‌పేట, మాదాపూర్ వైపు ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌ల నుంచి బ్యాక్‌డోర్ జాబ్ (డబ్బు కట్టి దొడ్డిదారిన వచ్చే ఉద్యోగం) ఇప్పిస్తామంటూ ఫోన్లు మొదలవుతాయి. "రెండు నెలల ట్రైనింగ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ, ముందు సగం కడితే చాలు." ఇందులో డబ్బు పోవడం చిన్న నష్టమే. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, ఒరిజినల్ మెమోలు, ఓటీపీ చేజారితేనే అసలు తలనొప్పి.

"జాబ్ వచ్చాకే ఫీజు" అన్నచోట మరీ జాగ్రత్త. అడ్మిషన్ ఫారమ్ అంటూ ఆధార్, పాన్ తీసుకుని ఓటీపీ చెప్పమంటే, చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ లోను. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిపోతుంది. వాళ్లు బోర్డు తిప్పేసినా ఈఎంఐ మీ ఖాతాలోంచే కట్ అవుతుంది, కట్టకపోతే సిబిల్ స్కోరు పోతుంది. సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోను వడ్డీ, ఫీజులు, షరతులు రాసి ఉండే కాగితం) అడగండి. యాప్ ద్వారా ఇచ్చే లోనుకైతే అందులో కూలింగ్-ఆఫ్ గడువు (మనసు మార్చుకుని లోను వదులుకునే సమయం) ఉంటుంది. ఆ గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు. గడువు దాటాక ఎంత మొత్తుకున్నా లాభం తక్కువ.

ఆఫర్ లెటర్ వస్తే కింద సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబర్ చూడండి. 21 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. 9 నుంచి 12 దాకా ఉన్న నాలుగు అంకెలు కంపెనీ రిజిస్టరైన సంవత్సరం. "పదేళ్ల కంపెనీ" అంటున్నారు, అక్కడేమో 2023 ఉంది! కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో మాస్టర్ డేటా (కంపెనీ వివరాలు) తెరిస్తే అడ్రసు, స్టేటస్ కూడా కనిపిస్తాయి. సీఐఎన్ అసలైనదే అయినా మెయిల్ డొమైన్ (@ తర్వాత ఉండే పేరు) చూడాలి. పెద్ద కంపెనీ పేరుకి "కెరీర్స్" అని తోక తగిలించిన డొమైన్లు కొనడం చాలా తేలిక. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి ఉద్యోగానికి డబ్బు అడగమని తమ సైట్లలోనే రాసిపెట్టాయి. ల్యాప్‌టాప్ డిపాజిట్ అన్నా, వెరిఫికేషన్ ఫీజు అన్నా ఒకటే.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ జోలికైతే అస్సలు వెళ్లకండి. కన్సల్టెన్సీ వాళ్లు ఏదో డొల్ల కంపెనీ పేరుతో మీ యూఏఎన్‌లో (మీ పేరు మీదుండే పీఎఫ్ నంబర్) కొన్ని నెలలు పీఎఫ్ కడతారు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఆ కంపెనీ పేరు, చేరిన తేదీ ఉండిపోతాయి. రెగ్యులర్ బీటెక్ చదువుతున్న నెలల్లోనే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసినట్టు కనిపిస్తే వెరిఫికేషన్‌లో అక్కడే దొరికిపోతారు. చేరిన ఆరు నెలలకు బయటపడినా ఇంటికి పంపేస్తారు, రిలీవింగ్ లెటర్ కూడా ఇవ్వకపోవచ్చు.

ఒరిజినల్స్ అడిగితే జిరాక్సులు చూపించండి, లేదా డిజిలాకర్‌లో ఉన్నవి తెరిచి చూపించండి. వెరిఫికేషన్‌కి అవి మీ చేతిలో ఉంటే చాలు, వాళ్ల బీరువాలో ఉండక్కర్లేదు.

ఇప్పటికే కట్టేశారా? ఆన్‌లైన్‌లో పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపించే వీలు అంత ఎక్కువ. యూటీఆర్ (లావాదేవీ) నంబర్, వాట్సాప్ చాట్, రసీదు దగ్గర పెట్టుకోండి. చెక్కు వాళ్ల దగ్గరుంటే బ్యాంకులో స్టాప్ పేమెంట్ (చెక్కు ఆపమని చెప్పడం) పెట్టి అంతటితో వదిలేయకండి. అలా ఆపిన చెక్కు మీద కూడా సెక్షన్ 138 (చెక్ బౌన్స్) కేసు వేసే వీలుంది. చెక్కు నంబర్ రాసి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. మెమోలు కూడా వాళ్ల దగ్గరే ఉంటే వాటి హాల్‌టికెట్ నంబర్లు అదే ఫిర్యాదులో రాయించండి.