కూలెంట్ లైటు వెలగడం లేదా? పాత కారు కొనేవాళ్లూ, ఒక్క నిమిషం ఆగండి

పాత కారు చూడటానికి వెళ్లినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగకపోతే మనకు ప్రాణం లేచొస్తుంది. నాకూ అలాగే అయింది. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తగ్గితే వెలగాల్సిన లైటు అసలు వెలగగలిగే స్థితిలో ఉందా అని మాత్రం చూసుకోలేదు. దానికి ఇంజిన్ మొత్తం విప్పించుకోవాల్సి వచ్చింది.

నేను కొన్నది పద్నాలుగేళ్ల బండి. టైర్లు, రంగు, సస్పెన్షన్, కాగితాలు అన్నీ చూశాను. బోనెట్ ఎత్తితే ఇంజిన్ నిగనిగలాడుతోంది. అంత పాత బండిలో ఇంజిన్ అంత శుభ్రంగా ఎందుకుంది అని అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. లీకు మరకలు కడిగేస్తే కనపడవు కదా! "పద్నాలుగేళ్లయినా ఒక్క లైటూ వెలగదు సార్, చూసుకోండి" అన్నాడు అమ్మిన పెద్దమనిషి. పాపం, ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడు.

మూడో వారానికి, బండి ఆపి దిగగానే ఏదో తియ్యటి వాసన రావడం మొదలైంది. లోపల పెట్టిన సెంటు సీసా అనుకున్నాను. అది కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ వాసన అని తర్వాత తెలిసింది. ఒకరోజు ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి వెళ్లింది. టెన్షన్ పడేలోపే మళ్లీ దిగి మామూలు చోటికి వచ్చింది. హమ్మయ్య అనుకుని అలాగే పోనిచ్చాను. నేను చేసిన అతి పెద్ద తప్పు అదే.

ముల్లు దిగింది ఇంజిన్ చల్లబడి కాదు. టెంపరేచర్ సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా లెక్క చెబుతుంది. కూలెంట్ అయిపోయి దాని చుట్టూ గాలీ ఆవిరీ మిగిలితే, లోపల ఇంజిన్ మాడుతున్నా ముల్లు తక్కువ చూపించగలదు. అందుకే చాలా బండ్లలో కూలెంట్ మట్టానికి వేరే సెన్సర్, వేరే లైటు పెడతారు. రెండు నిమిషాల తర్వాత బోనెట్ సందుల్లోంచి ఆవిరి, ఇంజిన్‌లో ఊపు లేదు, బండి పక్కన ఆగిపోయింది.

మెకానిక్ ముందుగా కూలెంట్ ట్యాంకు కింద ఉన్న చిన్న సాకెట్ పట్టుకున్నాడు. నల్ల టేపు నీటుగా చుట్టి ఉంది. టేపు విప్పితే లోపల అంగుళం పొడవు రాగి తీగ, సాకెట్‌లోని రెండు పిన్నులనూ కలుపుతూ వంచి పెట్టి ఉంది. సెన్సర్‌కి అసలు కనెక్షనే లేదు, ఆ తీగ వల్ల ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే లెక్క. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారే, మా బండిలో అక్షరాలా అదే జరిగింది. ట్యాంకు అడుగున గోధుమరంగు మడ్డి. లీకు మూయడానికి పోసే పొడి మందు అది. లీకును కొన్నాళ్లు ఆపింది, దాంతోపాటు రేడియేటర్ సన్న గొట్టాలనూ సగం మూసింది. అసలు లీకు వాటర్ పంపులో, సీలు దగ్గర. మొదట్లోనే పంపు మారిస్తే పోయేది. ఇప్పుడు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ వంగింది, లేత్‌కి పంపి ఫేసింగ్, అంటే చదును, చేయించాం.

అమ్మినాయన్ని అడిగితే "నేను కొన్నప్పటికే అలా ఉందేమో" అన్నాడు. కావచ్చు. ఆ తీగ ఎవరు పెట్టారో నేను రుజువు చేయలేను. పెట్టినవాడికి మాత్రం ట్యాంకు ఖాళీ అవుతోందని బాగా తెలుసు.

కొనబోయేవాళ్లు ఏం చూడాలంటే, తాళం తిప్పినప్పుడు లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరడం చాలదు. దానివల్ల లైటు బాగుందని తెలుస్తుంది, సెన్సర్ బాగుందని కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఓనర్ని అడిగి, ట్యాంకు సెన్సర్ సాకెట్‌ని దగ్గరగా చూడండి. టేపు, అతుకు, వేలాడే వైరు ఉన్నాయా? కొన్ని బండ్లలో ట్యాంకు నిండుగా ఉంటే సర్క్యూట్ కలిసి ఉంటుంది, కొన్నింట్లో మట్టం తగ్గితేనే కలుస్తుంది. మొదటి రకాన్ని తీగ ముక్కతో మోసం చేయొచ్చు, రెండో రకానికి సాకెట్ పీకేసినా చాలు. ఆ మోడల్ ఏ రకమో మెకానిక్‌ని అడిగి, సాకెట్ తీసో, దాని పిన్నులు కలిపో లైటు వెలిగించి చూపించమనండి. కొన్ని బండ్లలో తాళం ఒకసారి ఆపి మళ్లీ వేస్తేనే వెలుగుతుంది. అసలు ఈ సెన్సరే లేని బండ్లూ ఉన్నాయి, మాన్యువల్‌లో చూసుకోండి.

ఇక, లైటు వెలుగుతున్న బండి చూపించి "అబ్బే, సెన్సర్ అండీ, పాత బండ్లలో మామూలే" అనేవాళ్లుంటారు. నిజంగానే సెన్సర్ కావచ్చు. లోపలి పిన్నులకు మడ్డి పట్టినా, మాగ్నెట్ ఉండే తేలుడు బిళ్ల ఇరుక్కున్నా లైటు ఊరికే వెలుగుతుంది. కానీ ఆ మాట నమ్మడానికి ఒక్కటే దారి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం దగ్గర ట్యాంకు మీద టేపు ముక్క అంటించి, కొన్నాళ్లు రోజూ అదే వేళకు చూడాలి. మట్టం కదలకుండా, ట్యాంకు మీద కనీస మట్టం చూపే మిన్ గీతకు పైనే ఉండి, అయినా లైటు వెలిగితే అప్పుడు సెన్సర్‌నో వైరింగ్‌నో అనుమానించొచ్చు. పొద్దున వెలిగి, పది నిమిషాలు తిరిగాక ఆరిపోతే మాత్రం సెన్సర్ పాపం నిజమే చెబుతోంది. వేడికి కూలెంట్ వ్యాకోచించి మట్టం పైకి వస్తుంది కాబట్టి లైటు ఆరుతుంది. మలుపుల్లో, వాలులో మిణుకుమన్నా అంతే, మట్టం అంచున ఉందన్నమాట.

మట్టం తగ్గుతోందంటే ఎక్కడికో పోతున్నట్టే. కింద చుక్క పడకపోయినా సరే. వేడి ఇంజిన్ మీద పడిన కూలెంట్ ఆరిపోయి రంగు పొరలా మిగులుతుంది. హోస్ పైపుల చివర్లు, పంపు కింద చిన్న రంధ్రం, రేడియేటర్ అంచులు చూడండి. హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) లీకైతే కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది, అద్దం మీద జిడ్డు మంచు పడుతుంది. ట్యాంకు మూతనూ వదలొద్దు. మూత ఒత్తిడి ఆపకపోతే కూలెంట్ తొందరగా మరుగుతుంది. చేతి పంపుతో ప్రెషర్ టెస్ట్ చేస్తే లీకు చాలావరకు దొరుకుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పైపులు గట్టిపడినా, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నా గాస్కెట్ అనుమానం. దానికి నీలం ద్రావణంతో ఒక పరీక్ష ఉంది. ఇంజిన్‌లో కాలిన గ్యాసు తగిలితే పసుపు రంగుకి మారుతుంది. కొనేముందే చేయించండి, ఓనర్ ఒప్పుకోకపోతే వచ్చేయండి.

వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు, ముఖం కాలుతుంది. కింద ఒలికిన కూలెంట్ తుడిచేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కుక్కలకూ పిల్లులకూ అది విషం.

పని అయ్యాక మెకానిక్ కొత్త సెన్సర్ పెట్టి, సాకెట్ ఊడదీసి లైటు వెలిగించి చూపించాడు. బండి కొన్నాక ఆ లైటు ఆరకుండా వెలగడం చూడటం నాకదే మొదటిసారి. ఆ తీగ ముక్కని పారేయకుండా డ్యాష్‌బోర్డు అరలో దాచాను. ఎప్పుడైనా ఈ బండి అమ్మితే, రిపేరు బిల్లులతోపాటు దాన్నీ కొనేవాళ్ల చేతిలో పెడతాను.