తెగిన లైన్లను జావాలో కలపడం: ప్రాపర్టీస్, రెజెక్స్, సొంత లూప్‌లలో ఏది మేలు?

మార్కెట్ యార్డుల సరుకు వివరాలున్న ఒక టెక్స్ట్ ఫైలు తీసుకుందాం.

కర్నూలు = ఉల్లి, \
    మిర్చి
అనంతపురం = వేరుశనగ, \
    చీనీ
కడప = పసుపు

లైను చివర ఉన్న బ్యాక్‌స్లాష్ 'ఇది కింది లైనులో కొనసాగుతుంది' అని చెప్పే గుర్తు. కంటికి అయిదు లైన్లు, ప్రోగ్రాముకు కావాల్సినవి మూడు. బఫర్డ్‌రీడర్‌లోని రీడ్‌లైన్ ఒక్కో లైనూ విడివిడిగా తెచ్చి ఇస్తుంది, కలపాల్సింది మనమే. అందుకు మూడు దారులున్నాయి. నా మొగ్గు సొంత లూప్ వైపే. అయితే మిగతా రెండూ పనికొచ్చే చోట్లు లేకపోలేదు.

జావాతో పాటే వచ్చే ప్రాపర్టీస్ క్లాసుకు ఈ బ్యాక్‌స్లాష్ పద్ధతి పుట్టుకతోనే తెలుసు. పై ఫైలును లోడ్‌కు ఇస్తే మూడు విలువలూ సరిగ్గా వస్తాయి. అది నిజంగా ప్రాపర్టీస్ ఫైలే అయితే వేరే దారి వెతకనక్కర లేదు. కాకపోతే మాత్రం చిక్కులు వరసగా మొదలవుతాయి. కీలో, అంటే = గుర్తుకు ఎడమవైపు పేరులో, ఖాళీ ఉండకూడదు: 'శ్రీ సత్యసాయి = పట్టుగూళ్లు' అని రాస్తే కీ 'శ్రీ' దగ్గరే ఆగిపోయి, మిగతాదంతా విలువలోకి పోతుంది. ఒకే కీ రెండుసార్లు వస్తే చివరిది మాత్రమే మిగులుతుంది, ఫైలులో ఉన్న వరస కూడా నిలవదు. విలువలో విండోస్ పాత్ ఉంటే దాని బ్యాక్‌స్లాష్‌లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. చిన్న 'యు'తో మొదలయ్యే యూజర్స్ ఫోల్డరు పేరు బ్యాక్‌స్లాష్ వెనకాలే వస్తే, యూనికోడ్ ఎస్కేప్ తప్పుందని ఎక్సెప్షనే పడుతుంది. తెలుగువాళ్లకు ఇంకో సంగతి: ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఇచ్చి లోడ్ చేస్తే బైట్లను లాటిన్-1గా, అంటే ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదువుతుంది, ఒక్కో తెలుగు అక్షరం మూడు పిచ్చి గుర్తులవుతుంది. యూటీఎఫ్-8 అని చెప్పి తెరిచిన రీడర్‌నే ఇవ్వండి. అది జావా 6 నుంచీ ఉంది.

రెజెక్స్ (నమూనా ఇచ్చి టెక్స్ట్‌లో వెతికే పద్ధతి) దారి రాయడానికి పొట్టిది. జావా 11లో వచ్చిన ఫైల్స్.రీడ్‌స్ట్రింగ్‌తో ఫైలంతా చదివి, 'బ్యాక్‌స్లాష్, ఆ వెంటనే లైను ముగింపు, తర్వాత ఖాళీలు' అన్న నమూనాను రిప్లేస్‌ఆల్‌తో తీసేస్తే అయిపోయింది. ఒక్క బ్యాక్‌స్లాష్‌ను పట్టుకోవడానికి జావా సోర్సులో నాలుగు రాయాలని మర్చిపోవద్దు. చిన్న కాన్ఫిగ్ ఫైలుకు ఇది చాలు. పెద్ద ఫైలుకు మెమరీ బరువు చూసుకోండి. తొంభై ఎంబీ ఫైలు నిండా తెలుగు అక్షరాలే ఉన్నాయనుకుంటే స్ట్రింగ్‌కు దాదాపు 60 ఎంబీ, కలిపిన కాపీకి ఇంచుమించు మరో 60, చదివేటప్పుడు బైట్లకు 90 వేరే. అంతకన్నా పెద్ద లోపం లైన్ నంబర్లు పోవడం. '4212వ లైనులో ధర లేదు' అని చెప్పగలగాలి. అన్నీ కలిపేశాక ఆ లెక్క ఎక్కడిది?

లూప్‌లో ఆ నంబరు మన చేతిలోనే ఉంటుంది. ఒక స్ట్రింగ్‌బిల్డర్, మొదటి లైన్ నంబరు దాచే ఒక ఇంట్, 'సగంలో ఉన్నాం' అని చెప్పే ఒక బూలియన్ పెట్టుకోండి. లైను రాగానే చివరి నుంచి వెనక్కి బ్యాక్‌స్లాష్‌లు లెక్కపెట్టాలి. బేసి సంఖ్య అయితే లైను ఇంకా ఉంది: చివరిది ఒకటి తీసేసి బిల్డర్‌కు చేర్చాలి. సరి సంఖ్య అయితే అది విలువలో భాగం, రికార్డు (కలిపాక వచ్చే పూర్తి లైను) అక్కడితో పూర్తయింది. ఎండ్స్‌విత్‌తో సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు, రెండు బ్యాక్‌స్లాష్‌లతో ముగిసే లైను కూడా పక్క రికార్డుతో అతుక్కుపోతుంది. బూలియన్ బదులు బిల్డర్ పొడవు సున్నా అవునా కాదా అని చూసినా తప్పే, ఎందుకంటే మొదటి లైనులో ఒక్క బ్యాక్‌స్లాష్ మాత్రమే ఉండొచ్చు.

రీడ్‌లైన్ నల్ ఇచ్చాక బూలియన్ ఇంకా ట్రూగానే ఉందేమో చూడండి. ఉంటే ఆ రికార్డును బయటికి ఇవ్వాలి, లేదా ఫలానా లైను దగ్గర మొదలైంది పూర్తి కాలేదని ఎర్రర్ చెప్పాలి. ఈ పని మర్చిపోతే చివరి రికార్డు పోతుంది, అదీ ఎక్కడా చెప్పకుండా పోతుంది.

తర్వాతి లైను ముందున్న ఖాళీలను తీసేయాలా వద్దా అన్నది ఫార్మాట్‌ను బట్టి ఉంటుంది. ప్రాపర్టీస్ నియమం ప్రకారం తీసేయాలి. అందుకే 'రైతు\' కింద 'బజారు' అని రాస్తే 'రైతుబజారు' వస్తుంది. మధ్యలో ఖాళీ కావాలంటే బ్యాక్‌స్లాష్‌కు ముందే పెట్టాలి. బ్యాక్‌స్లాష్ తర్వాత కనబడని ఖాళీ ఒకటి మిగిలిపోతే ఆ లైను కలవదు. దాన్ని ట్రిమ్ చేసి క్షమించేకన్నా లైన్ నంబరుతో హెచ్చరించడమే నయం.

జావా 8 స్ట్రీములతో ఇది చేయబోకండి. ఒక లైనుకు పక్క లైను సంగతి తెలియదు, లాంబ్డా బయట స్థితి దాచితే ప్యారలల్‌లో చెడుతుంది. జావా 24లో స్థిరపడిన గ్యాదరర్లు (స్ట్రీములో పక్కపక్క అంశాలను కలపగల సదుపాయం) ఈ పనికి సరిపోతాయి, కానీ చాలాచోట్ల నడుస్తున్నది ఇంకా 8, 17లే. ఇక కొటేషన్ గుర్తుల మధ్య లైను తెగే, కామాలతో విడదీసిన పట్టికల సీఎస్‌వీ అయితే పై మూడూ వద్దు, కామన్స్ సీఎస్‌వీ లాంటి లైబ్రరీ వాడండి.

క్యాలెండర్ ఫైళ్లలో గుర్తు లైను చివర ఉండదు, తర్వాతి లైను మొదట్లో ఖాళీగానో ట్యాబుగానో ఉంటుంది. అక్కడ లూప్ తలకిందులవుతుంది: చేతిలో ఒక లైను పట్టుకోవాలి, తర్వాతిది ఖాళీతో మొదలైతే ఆ ఒక్క అక్షరమే తీసి కలపాలి, లేకపోతే పట్టుకున్నదాన్ని వదలాలి. ట్రిమ్ వాడితే అసలైన ఖాళీలూ పోతాయి. ఆ ఫైళ్ల నియమాలు చెప్పే 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రకారం లైను 75 బైట్లు దాటకూడదు. 'కర్నూలు' ఒక్కటే 21 బైట్లు కాబట్టి తెలుగు లైన్లు త్వరగా తెగుతాయి, ఒక్కోసారి అక్షరం మధ్యలోనే తెగుతాయి. యూటీఎఫ్-8గా చదివితే ఆ అక్షరం పాడవుతుంది, లేదా ఎక్సెప్షన్ వస్తుంది. ముందు లాటిన్-1గా చదివి కలిపి, మళ్లీ బైట్లుగా మార్చి, అప్పుడు యూటీఎఫ్-8గా తెరిస్తే అన్నీ క్షేమం. ఈ మధ్య దశలో లైన్లను విడదీయడానికి రీడ్‌లైనే వాడండి. రెజెక్స్‌లో బ్యాక్‌స్లాష్-పెద్ద ఆర్ గానీ, స్కానర్‌లోని నెక్స్ట్‌లైన్ గానీ 85 అనే హెక్స్ బైటును కూడా లైను ముగింపుగా లెక్కేస్తాయి. 'అ' అక్షరం మూడో బైటు సరిగ్గా అదే, అంటే 'అనంతపురం' మొదటి అక్షరంలోనే తెగిపోతుంది.