నాలుగు బ్లాకులకు ఒకే ఫైర్ సిస్టమ్: ఏడేళ్లు వాడాక

మాది హైదరాబాద్ శివార్లలో ఓ గేటెడ్ కమ్యూనిటీ. నాలుగు బ్లాకులు, ఒక్కోటి తొమ్మిదంతస్తులు. బిల్డరు అన్నింటికీ కలిపి ఒకే సంపు, ఒకే పంపు రూమ్ కట్టి, గేటు పక్కన సెక్యూరిటీ గదిలో ఒకే అలారం ప్యానెల్ పెట్టి ఇచ్చాడు. ఇక్కడికొచ్చి ఏడేళ్లు. అందులో రెండేళ్లు కమిటీలో మెయింటెనెన్స్ నా నెత్తిన పడింది కాబట్టి లోపలి సంగతులు కూడా తెలుసు.

ఖర్చు కలిసొస్తుంది, కాదనను. బ్లాకుకో డీజిల్ పంపు, బ్లాకుకో ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు) అంటే మా వల్ల అయ్యే పని కాదు.

నన్ను బాగా విసిగించింది అలారం. ఓ రాత్రి పదకొండింటికి బి బ్లాకులో ఎవరో మిరపకాయలు మాడ్చారు. నాలుగు బ్లాకుల్లోనూ హూటర్లు మోగాయి. పిల్లల్ని ఎత్తుకుని అందరం మెట్ల మీద పరుగు. రెండోసారి సగం మందే దిగారు. మూడోసారి ఒక్కరూ దిగలేదు, నాకు అసలు టెన్షన్ అప్పుడు పట్టుకుంది. ప్యానెల్ మీద ‘లూప్ 2, 047’ అని కనిపిస్తే అది ఏ ఫ్లాటో వాచ్‌మన్‌కి ఏం తెలుస్తుంది? సైలెన్స్ బటన్ నొక్కేసి కూర్చున్నాడు. తర్వాత వంటిళ్లలో పొగ డిటెక్టర్లు తీయించి వేడికి పనిచేసేవి పెట్టించాం. ముందు ఆ బ్లాకులోనే మోగేలా, మూడు నిమిషాల్లో ఎవరూ స్పందించకపోతే మిగతా వాటిలోనూ మోగేలా ప్రోగ్రామ్ మార్పించాం. ఏ నంబరు ఏ ఫ్లాటో స్కెచ్ పెన్నుతో రాసి ప్యానెల్ పక్కన నేనే అంటించాను.

ఇక స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి సీలింగ్ నుంచి నీళ్లు చల్లేవి. సినిమాల్లోలా అన్నీ ఒకేసారి కురవవు. లోపలి ఎర్ర గాజు గొట్టం 68 డిగ్రీల దగ్గర పగిలితే ఆ ఒక్క హెడ్డే, అంటే నీళ్లు చల్లే ఆ ఒక్క మూతే తెరుచుకుంటుంది. డి బ్లాకులో ఇంటీరియర్ పనివాళ్ల నిచ్చెన తగిలి ఒకటి పగిలింది. ఒక బార్ ప్రెషర్‌కే మామూలు హెడ్డు నిమిషానికి 80 లీటర్లు వదులుతుంది, మా లైన్లో ప్రెషర్ అంతకన్నా చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి పైపుల్లో నిలవున్న నల్లటి కంపు నీళ్లు కింది రెండు ఫ్లాట్లదాకా దిగాయి. ఆ అంతస్తు వాల్వు ఉన్న షాఫ్టుకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదు. పైగా మెయిన్ పంపు దానంతటది ఆగదు, ఎవరో వెళ్లి చేత్తో ఆపాలి. చివరికి మెయిన్ వాల్వే కట్టేశాం. అంటే అరగంట పాటు నాలుగు బ్లాకులకూ రక్షణ లేదు.

ఇంకోసారి జాకీ పంపు (పైపుల్లో ప్రెషర్ తగ్గితే మళ్లీ నింపే చిన్న పంపు) నాలుగైదు నిమిషాలకోసారి దానంతటదే ఆన్ అవడం మొదలైంది. అంటే ఎక్కడో లీకు. రాత్రి ప్రెషర్ గేజ్ ముందు ఒకళ్లం కూర్చుని, ఒక్కో బ్లాకు వాల్వూ కట్టుకుంటూ పోయాం. సి బ్లాకుకు అసలు వాల్వే లేదు! భూమిలో తుప్పు పట్టిన పైపు అక్కడే బయటపడింది. ఖర్చు పంచుకునే దగ్గర ఎ బ్లాకు వాళ్లతో పెద్ద గొడవ.

ఇలాంటి చోట ఫ్లాటు కొనేవాళ్లు పంపు రూమ్ తీయించి జాకీ పంపు దగ్గర పది నిమిషాలు నిలబడండి, అది మాటిమాటికీ ఆన్ అవుతుందేమో చూడండి. బ్లాకుకో వాల్వు, లాబీలో చిన్న రిపీటర్ ప్యానెల్ (గేటు దగ్గరి అలారం ప్యానెల్లో కనిపించేదే చూపించేది) ఉన్నాయేమో అడగండి. మాకు ఇప్పుడు అన్ని బ్లాకులకూ వాల్వులు ఉన్నాయి. రిపీటర్ల కొటేషన్ మాత్రం మొన్నటి మీటింగ్‌లో మళ్లీ వాయిదా పడింది.