సూట్‌సీఆర్ఎం 8: లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు, సర్వర్ పని మాత్రం తెలియాలి

సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు, అమ్మకాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) ఎంచుకునేటప్పుడు ఫీచర్ల కన్నా ముందు లైసెన్సు చూడాలి. అందుకు సూట్‌సీఆర్ఎం పుట్టుకే సాక్ష్యం.

లారీ ఆగస్టిన్ 1993లో వీఏ రీసెర్చ్ మొదలుపెట్టి లినక్స్ కంప్యూటర్లు అమ్మారు. తర్వాత ఆయన ఓపెన్‌సోర్స్ కంపెనీల్లో పెట్టుబడులు పెట్టారు, 2009లో షుగర్‌సీఆర్ఎం అనే సీఆర్ఎం కంపెనీకి సీఈఓ అయ్యారు. ఆయన హయాంలోనే ఆ కంపెనీ షుగర్ 7కు ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ ఇవ్వడం మానేసింది. కంపెనీగా అది వాళ్ల హక్కే. కానీ షుగర్ 6.5 వెర్షన్ కోడ్ అప్పటికే ఏజీపీఎల్ 3 (ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే ఓపెన్‌సోర్స్ లైసెన్సు) కింద అందరి చేతుల్లో ఉంది. స్కాట్లాండ్‌లోని సేల్స్‌ఎజిలిటీ అనే కంపెనీ 2013లో దాన్ని తీసుకుని సూట్‌సీఆర్ఎం తెచ్చింది.

కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు, వర్క్‌ఫ్లో, రిపోర్టులు అన్నీ ఉచితంలోనే ఉన్నాయి. యూజర్ల సంఖ్యను బట్టి రుసుము లేదు. ఇంత ఇచ్చే ఉచిత సీఆర్ఎంలు అరుదు.

ఇబ్బందులన్నీ ఇన్‌స్టలేషన్ దగ్గరే. అపాచీ వెబ్ సర్వర్‌లో డాక్యుమెంట్ రూట్ (బయటివాళ్లకు ఫైళ్లు చూపే ఫోల్డర్) తప్పనిసరిగా 'పబ్లిక్' ఫోల్డర్‌కే పెట్టాలి. పైఫోల్డర్‌కు పెడితే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు ఇంటర్నెట్‌లో బయటపడే ప్రమాదం ఉంది. అపాచీ రీరైట్ మాడ్యూల్ (వెబ్ చిరునామాలను మార్చి పంపే భాగం) ఆన్‌లో ఉండాలి. ఉబుంటులో రూట్ యూజర్‌గా ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే క్యాష్ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్‌లో వెబ్ సర్వర్ రాయలేదు, 500 ఎర్రర్ వస్తుంది. ఫైళ్ల ఓనర్‌ను వెబ్ సర్వర్ యూజర్‌కు మార్చి, క్యాష్ ఖాళీ చేస్తే సరిపోతుంది.

షెడ్యూలర్‌ను నడిపే క్రాన్ (చెప్పిన వేళకు పనులు చేయించే లినక్స్ ఏర్పాటు) నిమిషానికోసారి నడవాలి, అదీ వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదే. క్రాన్ పెట్టకపోతే షెడ్యూలర్ మీద ఆధారపడే వర్క్‌ఫ్లోలు నడవవు, క్యాంపెయిన్ మెయిళ్లు వెళ్లవు. చాలామంది తప్పంతా మెయిల్ సర్వర్‌దే అనుకుని అక్కడ వెతుకుతారు.

పాత కస్టమర్ల జాబితా ఎక్సెల్‌లో ఉంటే 'సీఎస్‌వీ యూటీఎఫ్-8'గా సేవ్ చేయాలి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, ఆ ఫైలు నుంచి వాటిని తిరిగి రాబట్టడం కుదరదు. పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి మామూలుగా 2 ఎంబీయే. దాన్ని పెంచితే పోస్ట్ పరిమితిని (ఒకసారి పంపే మొత్తం డేటా హద్దు) అంతకన్నా ఎక్కువ పెట్టాలి.

అన్నిటికన్నా నిరాశపరిచేది ఇంటర్‌ఫేస్. పైకి కొత్తగా కనిపించినా కొన్ని పేజీలు తెరిస్తే లోపల సూట్‌సీఆర్ఎం వెర్షన్ 7 తెరలే వస్తాయి. వాటి దగ్గర వేగం తగ్గుతుంది, బటన్ల చోటు మారిపోతుంది.

లినక్స్ తెలిసిన మనిషి ఒకరున్న చిన్న ఆఫీసుకు దీన్ని ధైర్యంగా సిఫారసు చేయవచ్చు. అలాంటి మనిషి లేకపోతే సేల్స్‌ఎజిలిటీ డబ్బు తీసుకుని ఇచ్చే హోస్టింగే మేలు. సొంతంగా నడిపేవాళ్లు బ్యాకప్‌లో డేటాబేస్‌తో పాటు 'అప్‌లోడ్' ఫోల్డర్ కూడా తీసుకోవాలి. కస్టమర్ పత్రాలు, అటాచ్‌మెంట్లు ఉండేది డేటాబేస్‌లో కాదు, అందులోనే.