ఏడు వేసవుల తర్వాత: శ్రీకాకుళంలో మా ఏసీ మెకానిక్ పనితనంపై సమీక్ష

శ్రీకాకుళం పట్టణంలోని మా ఇంట్లో రెండు, సోంపేటలో మా అమ్మగారి ఇంట్లో ఒకటి, మొత్తం మూడు స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి. 2019 వేసవిలో మొదటిది, తర్వాత ఒకటొకటిగా మిగిలినవీ ఒకే మెకానిక్ చేతికి వచ్చాయి. ఏ కంపెనీ ఏసీ కొనాలో చెప్పేవారు కావలసినంత మంది దొరుకుతారు గానీ, కొన్నదాన్ని గోడకు బిగించి, ఏటేటా శుభ్రం చేసి, మొరాయించినప్పుడు బాగుచేసే మనిషిని ఎలా ఎంచుకోవాలో చెప్పేవారు తక్కువ. మా ఇంట్లో మాత్రం ఏసీ మన్నిక కంపెనీ పేరు కన్నా బిగించిన చేతి మీదే ఎక్కువగా ఆధారపడింది. అందుకే ఆయన పనిలో నేను చూసిన మంచినీ, లోపాలనూ వివరంగా రాస్తున్నాను. ఆయన అనుమతి తీసుకోలేదు కాబట్టి పేరు రాయడం లేదు.

ముందుగా ఆయన రాకమునుపు జరిగినది చెప్పాలి. 2016 ఏప్రిల్‌లో మేడ మీద పడమటి గదికి ఒకటిన్నర టన్ను ఏసీ కొన్నాము. దుకాణం వారు పంపిన ఇద్దరు కుర్రవాళ్లు గంటలో బిగించి, వెయ్యి రూపాయలు తీసుకొని వెళ్లిపోయారు. ఆ ఏడాది గది చల్లగానే ఉంది. మరుసటి ఏడాది సరిగ్గా రోహిణి కార్తెలో గాలి వస్తున్నా చల్లదనం లేకుండా పోయింది. పిలిపించిన మెకానిక్ పీడనం చూపే గేజి తగిలించి చూసి, "గ్యాసు అయిపోనాది మాస్టారూ, ఎక్కించేస్తే సరిపోద్ది" అన్నాడు. 2,500 రూపాయలు ఇచ్చాము. 2018లో మళ్లీ అదే మాట, అదే ఖర్చు. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఏసీలో గ్యాసు లాంతరులో కిరసనాయిలులా మండి తరిగిపోయేది కాదు; మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాసు ఆవిరవుతూ, ద్రవమవుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. ఆ కన్నం ఎక్కడుందని ఆ రెండుసార్లూ అడగకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2019లో ఒక సహోద్యోగి చెప్పగా ఇప్పటి మెకానిక్‌ను పిలిచాను. ఆయన వచ్చీ రాగానే గ్యాసు సిలిండరు దించలేదు. రెండేళ్లుగా ఏం జరిగిందో అడిగి తెలుసుకొని, "కన్నం మూయకుండా గ్యాసు ఎక్కిస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే గదా మాస్టారూ" అన్నారు. ఏసీలో అప్పటికి గ్యాసు దాదాపు పూర్తిగా పోయింది. ఆయన గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగును ఒక పాత షేవింగ్ బ్రష్షుతో అతుకులన్నింటికీ పూశారు. డాబా మీద ఎండలో ఇద్దరం గొంతుకు కూర్చుని చూస్తూ ఉండగా, అవుట్‌డోర్ యూనిట్ దగ్గరి సన్న గొట్టం నట్టు మీద ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. అది శనగగింజంత అయి పగిలి, అదే చోట మరొకటి లేచింది. నట్టు విప్పి చూపించారు. రాగి గొట్టం అంచును గరాటులా విప్పి నట్టులో కూర్చోబెడతారు, దాన్నే ఫ్లేరింగ్ అంటారు. మా గొట్టం అంచు ఒక పక్క వెంట్రుకవాసి చీలి ఉంది. మొదటి రోజు తొందరలో చేసిన ఆ ఒక్క అంచు మూలంగానే రెండేళ్ల పాటు గ్యాసు కారిపోయింది. ఇలాంటి పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండరు వాడేవారూ ఉన్నారని, గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని నూనెతో ఆక్సిజన్ కలిస్తే పేలే ప్రమాదం ఉందని ఆయన ఆ రోజే హెచ్చరించారు. అది అక్షరాలా నిజం కనుక ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

అంచు కోసి కొత్తగా ఫ్లేరింగ్ చేశాక గొట్టాల్లోని గాలిని బయటికి లాగే వాక్యూమ్ పంపు తగిలించి అరగంట పైగా నడిపారు. మొదటిసారి బిగించిన కుర్రవాళ్లు ఈ పని అసలు చేయలేదు; కాస్త గ్యాసు వదిలి, దానితోనే గాలిని బయటికి తోసి సరిపెట్టారు. గొట్టాల్లో మిగిలిన గాలి చల్లదనాన్ని తగ్గిస్తుంది, అందులోని తేమ నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను లోలోపల తినేస్తుంది. పంపు నడిచే కొద్దీ లోపలి పీడనం పడిపోయి, గది ఉష్ణోగ్రత దగ్గరే నీరు మరిగి ఆవిరిగా బయటికి వచ్చేస్తుంది. కొండ మీద నీరు 100 డిగ్రీల కన్నా తక్కువకే మరుగుతుందని తరగతిలో చెప్పే పాఠం నా డాబా మీద ఇలా పనికి వచ్చినందుకు నిజంగా సంతోషించాను. పంపు ఆపాక ఆయన వెంటనే గ్యాసు వదలలేదు. వాల్వు మూసి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగేంతసేపూ గేజి ముల్లునే చూస్తూ కూర్చున్నారు. ముల్లు కదలలేదని నిర్ధారించుకున్నాకే గ్యాసు తూకం మొదలుపెట్టారు.

తూకం అన్న మాట ఊరికే వాడలేదు. ఆయన చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద సిలిండరును తలకిందులుగా పెట్టి, యూనిట్ పక్కన కంపెనీ వారు అంటించిన పట్టీలో ఎన్ని గ్రాములని ఉందో అన్ని గ్రాములూ కొలిచి ఎక్కించారు. మా ఏసీలోది ఆర్-410ఏ, అంటే రెండు వాయువులను సగం సగం కలిపిన మిశ్రమం; ఆ పాళ్లు చెదరకుండా ఉండాలంటే దాన్ని ద్రవరూపంలోనే ఎక్కించాలి, అందుకే సిలిండరు తలకిందులు. పని పూర్తయ్యాక తేదీ, గ్రాములు, కంప్రెసర్ తీసుకుంటున్న ఆంపియర్లు అవుట్‌డోర్ యూనిట్ పక్క రేకు మీద మార్కరు పెన్నుతో రాశారు. ఆ రోజు మొత్తం 4,200 రూపాయలయింది. అంతకుముందు వారి ధరతో పోలిస్తే ఎక్కువే. కానీ ఆ తర్వాత ఇప్పటివరకు ఆ ఏసీకి ఒక్క గ్రాము గ్యాసు కూడా ఎక్కించవలసిన అవసరం రాలేదు.

2020లో కింది గదికి ఏసీ కొనాలనుకున్నప్పుడు దుకాణంలో ఒకటిన్నర టన్నుది తీసుకోమన్నారు, బంధువులొకరు రెండు టన్నులైతే ఇంకా నయమన్నారు. మెకానిక్ మాత్రం టేపుతో గది కొలిచారు. 130 చదరపు అడుగులు. పైన స్లాబుకు ఎండ తగలదు, పడమట పక్కింటి గోడ నీడ ఉంది. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది, చాలన్నారు. టన్ను అంటే యంత్రం బరువని అనుకునేవారు ఇంకా చాలామంది ఉన్నారు. అమెరికా కొలతలో ఒక టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, గదిలోంచి అంత వేడిని లాగే శక్తి అది. మన లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. గదికి మించిన ఏసీ పెడితే గాలి తొందరగా చల్లబడి యంత్రం ఆగిపోతుంది, గాలిలోని తేమను పిండే సమయం దానికి ఉండదు. రాయలసీమలో ఎండ బాధిస్తే, మన తీరంలో ఉక్కపోత బాధిస్తుంది. చెమ్మ పోకుండా చల్లదనం ఒక్కటే వస్తే దుప్పటి కూడా తడిగా తగులుతుంది. ఆయన మాట విని ఒక టన్నే కొన్నాము. మే నెలలో డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్టు తెల్లవారేసరికి నిండుతోందంటే ఆ చెమ్మంతా మా గదిలోంచి వెళ్లినదే. పెద్ద యంత్రం అమ్మిస్తే దుకాణం వారి నుంచి ఆయనకూ ఏదో ముట్టేదేమో, కానీ చిన్నది చాలని చెప్పారు. నాకు ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరినది ఆ రోజే.

బిగించే ముందు కరెంటు పరీక్ష కూడా చేశారు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు 18 వోల్టులు చూపించింది; ఎర్త్ సరిగా ఉంటే అంత రాకూడదు. ఎర్త్ గుంత సరిచేయించే వరకు ఏసీ బిగించనని చెప్పి వెళ్లిపోయారు. అప్పుడు కొంచెం కోపం వచ్చిన మాట వాస్తవం. ఎలక్ట్రీషియన్ తవ్వి చూస్తే ఎర్త్ తీగ తుప్పుపట్టి తెగే దశలో ఉంది. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా వైరు లాగించారు, దానికి తగిన ఎంసీబీ (లోడు మించితే కరెంటును తనంతట తానే ఆపే స్విచ్చి) పెట్టించారు, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు చేయమని గుర్తుచేశారు.

సోంపేట ఇంటి కథ వేరు. బారువ తీరం ఆ మండలంలోనే ఉంది, ఉప్పుగాలి ఆ ఊరిని వదలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అమ్మవాళ్ల డాబా మీది అవుట్‌డోర్ యూనిట్ స్టాండుతో సహా ఒరిగిపోయింది. తర్వాత చూస్తే స్టాండు ఇనుప కమ్మీలు అప్పటికే లోపల గుల్లబారి ఉన్నాయి; వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీది అల్యూమినియం రేకులను వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలాయి. 2021లో అక్కడ కొత్త ఏసీ పెట్టినప్పుడు మా మెకానిక్ సముద్రపు గాలి నేరుగా తగలని పడమటి గోడను ఎంచుకొని, జింకు పూత ఉన్న స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడారు. నెలకొకసారి స్విచ్చి ఆపి, అవుట్‌డోర్ కాయిల్‌ను మంచినీళ్లతో మెల్లగా కడగమని అమ్మకు నేర్పించారు. డెబ్బై రెండేళ్ల అమ్మ ప్రతి పౌర్ణమికీ కుర్రవాడి చేత ఆ పని చేయిస్తుంది. నాలుగేళ్లు దాటినా రేకులు ఇంకా మెరుస్తున్నాయి.

వేడి విషయానికి వస్తే, మన జిల్లాలో ఇల్లు వెచ్చబెట్టుకోవలసినంత చలి ఉండదు కాబట్టి గీజరు గురించి ఒక్క సంగతి చెబుతాను. నీళ్లు వేడెక్కేటప్పుడు మా గీజరు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని ఒక ప్లంబరు దానికి బిరడా బిగించి వెళ్లాడు. ఏసీ సర్వీసుకు వచ్చిన మా మెకానిక్ అది చూసి, చేస్తున్న పని వదిలి ముందు దాన్ని తీయించారు. నీరు వేడెక్కి వ్యాకోచించినప్పుడు పెరిగే ఒత్తిడిని వదలడానికే ఆ వాల్వు ఉంది. దాన్ని మూస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. తనకు రూపాయి రాని పని మీద ఆయన చూపిన ఆ శ్రద్ధను మేము మరిచిపోలేదు.

లోపాలు కూడా రాయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆయన ఫోను ఎత్తడం కష్టం. 2023 మేలో కెపాసిటర్ (కంప్రెసర్, ఫ్యాను తిరగడానికి సాయపడే చిన్న భాగం) పోతే ఐదు రోజులు ఆగవలసి వచ్చింది, ఆ ఐదు రాత్రులూ పసిపిల్లతో వచ్చిన మా అమ్మాయి చాలా ఇబ్బంది పడింది. ముందే చెబితే వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం. మొదట్లో చేతిరాత చీటీ తప్ప బిల్లు ఇచ్చేవారు కాదు. మార్చిన విడిభాగానికి గ్యారంటీ ఎలా అడగాలని గట్టిగా పట్టుబట్టిన తర్వాతే 2022 నుంచి భాగం పేరు, ధర, తేదీ ఉన్న బిల్లు ఇస్తున్నారు. ఒకసారి ఆయన శిష్యుడు డ్రెయిన్ పైపుకు వాలు ఇవ్వకుండా బిగించడంతో నీరు వెనక్కి తన్ని గోడంతా చారలు కట్టింది. ఆయన స్వయంగా వచ్చి పైపు సరిచేశారు, కూలి తీసుకోలేదు, కానీ గోడకు సున్నం ఖర్చు మాదే అయింది. ధర కూడా పట్టణంలోని ఇతరుల కన్నా కొంత ఎక్కువ: నీళ్లతో కడిగి శుభ్రం చేసే మామూలు వాటర్ సర్వీసుకు ఇప్పుడు 700 రూపాయలు తీసుకుంటున్నారు.

అయినా మరొకరి దగ్గరికి వెళ్లాలని అనిపించలేదు. విజయనగరానికి బదిలీ అయిన మా సహోద్యోగిని ఒకరు ఏసీ విప్పించినప్పుడు, అక్కడి పనివాడు గ్యాసంతా గాలిలోకి వదిలేసి, కొత్త ఇంట్లో మళ్లీ గ్యాసు నింపినందుకు 3,000 రూపాయలు అడిగాడు. పనిచేస్తున్న ఏసీని విప్పే ముందు సన్న గొట్టం వాల్వు మూసి, యంత్రాన్ని కాసేపు నడిపితే గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేరుతుంది; అప్పుడు రెండో వాల్వు మూసి విప్పుకోవచ్చు. దీన్నే పంప్ డౌన్ అంటారు, పైసా ఖర్చు ఉండదు. కాబట్టి ఇల్లు మారేవారు ఎవరైనా విప్పడానికి వచ్చిన వ్యక్తిని ముందుగా ఈ ఒక్క మాట అడగాలి. బిగించడానికి వచ్చిన వ్యక్తిని వాక్యూమ్ పంపు తెచ్చారా అని అడగాలి. గ్యాసు తగ్గిందని చెప్పేవారిని లీకు చూపించమని అడగాలి. మా మెకానిక్ ఈ ప్రశ్నలకు ఎన్నడూ విసుక్కోలేదు. పైగా అడిగినవారికి ఎక్కువ సమయం ఇస్తారు.

కొత్తగా ఆయనను గానీ, అలాంటి మరొకరిని గానీ పిలవాలనుకునేవారు శివరాత్రి లోపే పిలవడం మంచిది. అప్పటికి చలి తగ్గుతుంది, ఎండ ముదరదు, పని తీరుబడిగా జరుగుతుంది. మా మేడ మీది యూనిట్ రేకు మీద ఇప్పుడు ఏడు వరుసలు ఉన్నాయి. గ్రాముల అంకె మొదటి వరుసలో మాత్రమే ఉంది. మిగిలిన ఆరింటిలో తేదీ, ఆంపియర్లు, "శుభ్రం చేయడమైనది" అన్న మాట, కింద ఆయన పొడి అక్షరాల సంతకం.