దిగుడులో గేరును నమ్మాలా, బ్రేకును నమ్మాలా?

సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారిని వదిలి, పొట్టంగి వైపు కొండ ఊళ్ల మట్టిదారుల్లో లోడు లారీ నడిపేవారు నిటారు దిగుడును రెండు విధాలుగా దిగుతారు.

మొదటిది, డీజిలు మిగులుతుందని పెద్ద గేరులోనో న్యూట్రల్‌లోనో వదిలి, బ్రేకు మీదే ఆధారపడటం. అప్పుడు బండి జోరంతా బ్రేకులే ఆపాలి. చక్రంతో తిరిగే బ్రేకు డ్రమ్ము వేడెక్కి, వ్యాకోచించి, లోపలి నుంచి దానికి ఒరుసుకుని ఆపే లైనింగుకు దూరమవుతుంది; లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి గనుక, మాటిమాటికీ తొక్కడంతో ట్యాంకులో గాలి కూడా తరిగిపోతుంది. కాలిన లైనింగు ఘాటు వాసన ఒక్కసారి ముక్కుకు తగిలినవారు దాన్ని మరచిపోలేరు.

రెండోది, దిగుడు మొదలవకముందే ఒకటో గేరో రెండో గేరో వేసి, క్లచ్చి తొక్కకుండా, ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగడం. నేను నిస్సందేహంగా దీనినే కోరుతాను. వేగం పెరిగినప్పుడు బ్రేకును గట్టిగా తొక్కి, తగ్గగానే వదిలితే డ్రమ్ము చల్లబడే వ్యవధి దొరుకుతుంది. దిగుడు నడుమ గేరు మార్చబోతే, అది పడకపోతే, బండి న్యూట్రల్‌లోనే ఉండిపోతుంది.

అయితే ఇంజను పట్టు సాధారణంగా వెనుక చక్రాలకే అందుతుంది గనుక, వానకు నానిన ఎర్రమట్టిలో అవి జారవచ్చు. అప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగ బయటికి పోయే దారిని మూసి బండిని నెమ్మదింపజేసేది) ఆపి, స్టీరింగు తిన్నగా ఉంచి, యాక్సిలరేటరు కాస్త ఇచ్చి చక్రాలను తిరగనివ్వాలి.